తల్లిసీసా సాక్ష్యం

"నా బిడ్డ కాళ్లు వంచింది మీరే!" అంది సోమలత, సరిచూపు మంటపం నడిమధ్యన నిలబడి. "మీ మండలే, మీ పుల్లలే. నెలనెలా వచ్చి చప్పట్లు కొట్టిపోయే మనమందరం గూడా!"

చప్పట్లు ఆగిపోయాయి. ఏకవాక్య మండలి నుంచి వచ్చిన అధికారి త్రిలోచన్ పైకెత్తిన చేతులు మెల్లగా దించాడు.

ఆ రోజు సరిచూపు. నెలకోసారి ప్రతి ఇంటి నీటిసాక్షినీ మంటపానికి తెస్తారు. వేలెడంత గాజుపుల్ల అది. నీళ్లలో ముంచితే పచ్చగా వెలిగి తాగమంటుంది, ఎర్రగా వెలిగి వద్దంటుంది. మంచినీళ్లంటే ఏమిటో ఆ పుల్లకు నేర్పేది తల్లిసీసా. మండలి ఊరికొకటి ఇచ్చింది. సరిచూపు నాడు పుల్లను అందులో ముంచుతారు. ఇక నెల్లాళ్లూ ప్రపంచంలోని నీళ్లన్నిటినీ అది ఆ సీసాతోనే పోల్చి తీర్పు చెబుతుంది. ఊళ్లో పుల్లలన్నీ ఒక్కమాట మీదుంటే అది ఏకవాక్యం. ఏకవాక్యం వచ్చాక మళ్లీ అడగడం మర్యాద కాదు. ప్రయోగశాలలు ఎప్పుడో మూతబడ్డాయి. చెప్పే యంత్రం ఇంట్లో ఉండగా చేసి చూసేవాణ్ణి పిచ్చోడంటారు.

"వైద్యతెర చెప్పింది కదమ్మా, వంశంలో ఉన్న లోపమని," అన్నాడు త్రిలోచన్. గొంతులో కోపం లేదు, జాలి ఉంది. "నీళ్లు మంచివని ఊరంతా ఒక్కమాట."

"ఊరంతా గాదు సారూ, ఒక్క సీసా. దాని మాటనే పుల్లలన్నీ అప్పజెప్తున్నయ్. పంతులు తప్పు చెప్తే క్లాసంతా అదే తప్పు రాస్తది. అందరూ ఒకటే రాసిన్రని ఒప్పయితదా?"

వెనకెవరో కిసుక్కున నవ్వారు.

సోమలత కూతురు వెన్నెలకు ఐదేళ్లు. గోడ పట్టుకుని నడుస్తుంది. మోకాళ్లు లోపలికి తిరిగిపోయాయి. వచ్చే వారం ఎముకలు కోసి సరిచేస్తానంది జబ్బులు చూసే యంత్రం, వైద్యతెర. కారణం నీళ్లే అయితే, కోసి నిలబెట్టిన ఎముక కూడా మళ్లీ వంగుతుంది. సోమలతకు తేలాల్సింది అదొక్కటే. నీళ్లా, కాదా?

అందుకే కొళాయి నీళ్లు మరగబెట్టింది. మూతకు పట్టిన ఆవిరి చుక్కలు గ్లాసులోకి పట్టింది. ఆవిరితో పాటు ఉప్పులు పైకి లేవవు, కాబట్టి అంతకన్నా శుభ్రమైన నీళ్లుండవు. పుల్ల ముంచితే ఎర్రగా వెలిగింది. ఇంట్లో చూసిన ఆ సంగతే ఇప్పుడు మంటపంలో అందరికీ చెప్పింది.

"మూత కడిగినవా బిడ్డా?" అన్నాడు భద్రం. తల్లిసీసా కాపరి ఆయన. తండ్రి చేసిన పనే ఆయనకు దక్కింది. "చేపల పులుసు మీద పెట్టిన మూతే గాదుగద?"

మంటపమంతా నవ్వింది.

"అయి ఉండొచ్చు మామా," అంది సోమలత. "తప్పు నాదే కావచ్చు. అందుకే వచ్చిన. నీ గిన్నె తే, నీ మూత తే, పొయ్యి నువ్వే ముట్టించు. నేను దూరంగ కూసుంట."

నవ్వులు తగ్గాయి. తన మాట తప్పని తేల్చమని పిలిచే మనిషిని వాళ్లెన్నడూ చూడలేదు.

భద్రం తన గిన్నె తెప్పించాడు. చింతపండేసి తనే తోమాడు. చుక్కలు పట్టి పుల్ల ముంచితే ఎరుపు. మూత కండువాతో తుడిచి మళ్లీ పట్టాడు. ఎరుపే.

"జరుగు, దీని నోరు నేను మూయిస్త!" అంటూ ఈదమ్మ లేచింది. దడి తగాదాలో సోమలతతో ఏడాదిగా మాటల్లేవు ఆమెకు. ఇంటికి పోయి తన గిన్నె, తన నీళ్లు తెచ్చుకుంది. తనే మరగబెట్టి, చుక్కలు పట్టి, తన పుల్లే ముంచింది. ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. ఎర్రగా వెలిగిన పుల్లను రెండుసార్లు విదిలించింది. "థూ, నాది గూడా ఇదే చెప్తుంది!"

"ఆవిరి నీళ్లు దానికి అలవాటు లేవేమో," అన్నాడు త్రిలోచన్.

"పక్కూరి నీళ్లకు గూడా ఎర్రగనే చూపిస్తది సార్," అన్నాడు భద్రం గర్వంగా. "మా నీళ్లంత మంచివి యాడ లేవు!"

సోమలత ఆయన వైపు తిరిగింది. "మామా, నెలనెలా ఇంతమంది ముంచుతరు గద. సీసా తరగదా?"

"ఎట్ల తరగనిస్త? అఖండదీపంల నూనె తరగొద్దు, తల్లిసీసాల నీళ్లు తరగొద్దు అని మా నాయిన చెప్పిండు. పొద్దుగాల్నే తానం చేసి, దండం పెట్టి, నా చేత్తోనే నింపుత."

"ఏ నీళ్లు?"

భద్రం మంటపం మూలనున్న కొళాయి వైపు చూశాడు. చూపు అక్కడే ఆగింది.

బోర్లు లోతుకు దిగినకొద్దీ ఊరి నీళ్లు మారాయి. నీళ్లతో పాటే సీసా మారింది. సీసాతో పాటే పుల్లలన్నీ మారాయి. ఇన్నేళ్లుగా ఊరి నీళ్లకు ఊరి నీళ్లే సాక్ష్యం చెప్పుకుంటున్నాయి.

"కొత్త సీసా తెప్పించండి సార్," అంది ఈదమ్మ.

త్రిలోచన్ అడ్డంగా తలూపాడు. "కొత్తవి లేవమ్మా. సీసా అయిపోయిందని ఏ ఊరి నుంచీ కబురు రాలేదు. అంత గట్టిగా తయారుచేశామని సంబరపడి ఆ కర్మాగారం మూసేశాం."

సీసా పగిలితే ఏం చెయ్యాలో, దొంగిలిస్తే ఏం చెయ్యాలో మండలి ముందే ఆలోచించింది. దానికి మొక్కుతారని మాత్రం ఎవరికీ తట్టలేదు.

భద్రం కూలబడ్డాడు. "దండం పెట్టి విషం పోసిన్నా బిడ్డా?"

సోమలత పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుంది. "తెల్వదు మామా. విషమని ఇంకా తేలలే. మంచివని గూడా తేలలే. తెల్వదు."

ఆ మంటపంలో అంతకుముందు ఎవరూ అనని మాట అది. ఎవరూ నవ్వలేదు.

ఆమె లేచి త్రిలోచన్ ఎదుట నిలబడింది.

"కొళాయి కట్టేయించండి. వేరే నీళ్లు తెప్పించండి. నా బిడ్డ మీద కత్తి ఆపించండి. అన్ని ఊళ్లకూ కబురు పంపండి. నా మాట నమ్మమని గాదు, వాళ్ల గిన్నెల, వాళ్ల పొయ్యి మీద చేసి చూడమనండి. నాది తప్పని తేలితే అందరి ముందర ఒప్పుకుంట. కానీ చేసి చెప్పాలె, చెయ్యకుండ చెప్పొద్దు. రేపు గాదు సారూ, మీరు ఈ మంటపం మెట్లు దిగకముందే!"