తొడుగు లేని మందు

పెన్నలో నీళ్ళు లేవు. ఓబుళేశు ఊపిరితిత్తుల నిండా నీళ్ళున్నాయి.

కడప బయట ఒక ప్రైవేటు ల్యాబ్‌లో సీసాల్లో మందు నింపే పని ఓబుళేశుది. ఎక్కడో ముంచి చంపి, తెచ్చి ఎండిన ఇసుకలో పడేశారు. పోలీసులు ప్రమాదం అని రాసుకుని పోయారు. అడిగేవాడు లేకపోతే ఇసుకలో మునిగిపోవడం కూడా ప్రమాదమే.

అడిగే మనిషి కర్నూలులో ఉంది. పేరు రామేశ్వరమ్మ. పైకి విత్తనాల కంపెనీ మేనేజరు. లోపల ఒక నిఘా విభాగానికి సీమ చీఫ్. ఏజెంట్ జయకుమార్‌ను ఎదురుగా కూర్చోబెట్టి బ్రీఫింగ్ మొదలుపెట్టింది.

బిళ్ళగన్నేరు. పశువులు ముట్టని మొక్క. దాని ఆకులో కేన్సర్‌ను చంపే విషం ఉంది. ఆ విషం మనిషినీ చంపుతుంది. అందుకే కడప ల్యాబ్ వాళ్ళు దాన్ని కంటికి కనిపించని నానో తొడుగులో పెట్టారు. తొడుగు గడ్డ దాకా పోయి అక్కడే విచ్చుకుంటుంది. మిగతా ఒంటి జోలికి పోదు. పైగా చవక. ఆ చవకే నేరమైపోయింది. ఇదే రోగం పేరు చెప్పి లక్షలు గుంజే విదేశీ వ్యాపారులు ఒక ముఠాను దించారు. కోడ్ పేరు హార్వెస్ట్. పేదోడు బతికితే వాళ్ళకు కడుపుమంట.

"రేపు పొద్దున ఈడ ఆసుపత్రిలో మొదటి డోసు," అంది రామేశ్వరమ్మ. "పేషెంటు జీవమ్మ. ఆలూరు పక్క కూలిమనిషి. ఆమె పోతే మందు కూడా పోయినట్టే. కడప నుంచి బాక్సు నువ్వే తేవాల. ముఠాలో ఉండే మన మనిషి తనూజ వచ్చి నిన్ను కలుస్తాది."

"ఆమెను నమ్మొచ్చునా మేడమ్?"

"నమ్మేదాన్నయితే ఈ కుర్చీలో ఎందుకుంటానప్పా."

మరునాడు తెల్లవారగానే కడప మార్కెట్‌లో జయకుమార్ లుంగీ కట్టుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని, మామిడికాయల బొలేరో పక్కన నిలబడ్డాడు. కాయల కింద కోల్డ్ బాక్సు. నల్ల కళ్ళద్దాలు, పట్టుచీర, ఖరీదైన సెంటు వాసనతో తనూజ వచ్చింది. గంపలు మోసేవాళ్ళు పని ఆపి చూశారు. ముఠాకు సలహాదారు ఆమె. వాళ్ళ రహస్యాలు మనకు అమ్మేదీ ఆమే.

"ఈసారి బంగినపల్లి కాపు ఎట్లుండాది?" అన్నాడు కోడ్ ప్రకారం.

"పూత రాలింది. పిందె నిలబడింది."

కోడ్ కలిసింది. ఆళ్ళగడ్డ దాటాక ఒక లారీ అడ్డం వస్తుందని, బాక్సు ఎత్తుకుపోతారని, రోడ్డు మీద నుంచి కళ్ళు తిప్పొద్దని చెప్పింది.

తిప్పలేదు. ఒళ్ళో పిస్టల్ పెట్టుకుని నడిపాడు. మైదుకూరు దాటింది. ఆళ్ళగడ్డ దాటింది. నంద్యాల దాటింది. రోడ్డుకు రెండు పక్కలా నల్లరేగడి నోళ్ళు తెరుచుకుని ఎండుతోంది. ప్రతి లారీ ఆ లారీలాగే కనిపించింది. ఒక్కటీ అడ్డం రాలేదు. ఊరట కలగాల్సిన చోట భయం మొదలైంది.

బాక్సులో రెండు సీసాలున్నాయి. ఆసుపత్రిలో డాక్టరు ఒకటి తీసుకుని మూడో అంతస్తుకు పోయాడు. రెండోది టెస్టు కోసం బాక్సులోనే ఉంది. జయకుమార్ దానితో గేటు దగ్గరికొచ్చేసరికి తనూజ కారు ఆగి ఉంది. అద్దం దిగింది.

"శానా జాగ్రత్తగా తెచ్చినారు. థ్యాంక్స్."

కారు వెళ్ళిపోయింది. ఆ థ్యాంక్స్ వెన్నులో దిగింది. బాక్సు చేరితే ముఠాకు సంతోషమెందుకు? చేరాలనే కోరుకున్నారు కాబట్టి. సీసాలు ల్యాబ్‌లోనే మారిపోయాయి. అది చూశాడు గనకే ఓబుళేశు చచ్చాడు.

జయకుమార్ జేబులోంచి లేజర్ పెన్ను తీశాడు. నానో తొడుగులు కంటికి కనిపించవు, కానీ వెలుగును చెదరగొడతాయి. అవి ఉంటే మందులో కిరణం ఎర్రటి దారంలా కనిపించాలి. రెండో సీసాలోకి కొట్టాడు. దారం లేదు. వట్టి విషం. అదే ఆకు, అదే మందు, తొడుగు మాత్రం లేదు. పోస్ట్‌మార్టంలో వేరే ఏదీ దొరకదు. ల్యాబ్ చంపిందని రాస్తారు.

చావును కాపలా కాసి తనే మోసుకొచ్చాడు.

మూడో అంతస్తు ఫోను ఎత్తలేదు. లిఫ్ట్‌లో స్ట్రెచర్ ఇరుక్కుంది. మెట్ల మీద పరిగెత్తాడు. డోసు మొదలుపెట్టే టైము అప్పటికే దాటిపోయింది.

వార్డులోకి దూసుకెళ్ళాడు. సీసా వేలాడుతోంది. ట్యూబు జీవమ్మ చేతికి దిగి ఉంది. మందు వదిలే చక్రం మీద నర్సు ప్రేమజ్యోతి వేలు పెట్టి ఉంది. కానీ ఆమె కళ్ళు మూసి ఉన్నాయి. అందరి కళ్ళూ మూసే ఉన్నాయి. జీవమ్మ మొగుడు దావీదురాజు సీసా మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తున్నాడు. వానల కోసం అయిపోయింది. చర్చి పైకప్పు అయిపోయింది. పాస్టరుగారి బీపీ, డాక్టరుగారి చేతులు అయిపోయాయి.

"ప్రభువా, కాలు ఇరిగిన మా తెల్లమేకను కూడా..."

"మేకను ఇడ్సిపెట్టి ఆమేన్ అనయ్యా," అంది జీవమ్మ కళ్ళు తెరవకుండానే. "సూది మందు చల్లారిపోతాండాది."

"ఆమేన్," అన్నాడు దావీదురాజు.

నర్సు వేలు కదిలింది. అదే క్షణాన జయకుమార్ ట్యూబును రెండు వేళ్ళతో నొక్కి పట్టుకున్నాడు. రెండో చేత్తో సూది లాగేశాడు. ఒక్క చుక్క కూడా దిగలేదు.

తనూజను ఊరి బయట టోల్ గేటు దగ్గర పట్టుకున్నారు. నర్సు డ్యూటీ తమకు తెలుసు, డోసు టైము తెలుసు, మరి ఆ మనిషి ఎట్లా బతికిందని అడిగింది.

"ఆలూరోళ్ళు ప్రార్థన చెయ్యకుండా మాత్ర కూడా మింగరు," అన్నాడు జయకుమార్. "అది మీ వాళ్ళెవరూ అడగలేదు."

అసలు మందు ఆ వారంలోనే, తుపాకుల కాపలాతో వచ్చింది. లేజర్ కొడితే సీసాలో ఎర్ర దారం మెరిసింది. ప్రేమజ్యోతి ట్యూబు తగిలించింది. దావీదురాజు లేచి సీసా మీద చెయ్యి పెట్టాడు. మళ్ళీ వానల దగ్గర నుంచి మొదలుపెట్టాడు.

ప్రేమజ్యోతి ఈసారి స్టూలు లాక్కుని కూర్చుంది.