ముత్యాల తీగ కళ్ళు

మధ్యాహ్నం యూనివర్సిటీ క్యాంపస్ వైపు నుంచి మళ్ళీ చప్పుడు వినిపించింది. తార్నాకలో ఇళ్ళ కిటికీలు ఒక్కొక్కటే మూసుకున్నాయి. శ్రీలలిత వాళ్ళ కిటికీ మూసేలోపే గాలి లోపలికి వచ్చేసింది. కళ్ళు మండాయి.

అమ్మ విశాలాక్షి ఆమెను సింకు దగ్గరకు లాక్కెళ్ళింది. "నలపకు. నీళ్ళతో కడుగు, తగ్గుతుంది."

తెలంగాణ రాష్ట్రం కావాలని విద్యార్థులు ఊరేగింపులు తీస్తున్న రోజులవి. పోలీసులు టియర్ గ్యాస్ వదిలితే గాలి ఎటు వీస్తే అటు కళ్ళు మండేవి. వీధిలో అందరూ చేసేది ఒకటే. కళ్ళు కడుక్కోవడం.

ముఖం తుడుచుకున్నాక శ్రీలలితకు కిటికీలోని కుండీ గుర్తొచ్చింది.

ఆ కుండీ స్వరూప అక్కది. స్వరూప క్యాంపస్ హాస్టల్లో ఉండి బోటనీలో పరిశోధన చేస్తోంది. సాయంత్రాలు శ్రీలలితకు లెక్కలు చెబుతుంది. హాస్టల్ మెస్ మూసేశాక జనగామలోని ఇంటికి వెళ్తూ కుండీని ఇక్కడ పెట్టి వెళ్ళింది. కుండీ అంచు మీంచి తీగలు వేలాడుతుంటాయి. వాటికి బఠాణీల్లాంటి గుండ్రటి ఆకులు, ఆకుపచ్చ మీద తెల్ల చారలు. స్వరూప ఆ మొక్కను ముత్యాల తీగ అంటుంది, ఆకులను గింజలంటుంది.

"గింజలల్ల అది నీళ్ళు దాచుకుంటది," అంది స్వరూప వెళ్ళేముందు. "పట్టుకొని చూడు. గట్టిగున్నదా, నీళ్ళొద్దు. ముడతలు పడ్డంకనే పొయ్యి. వెలుతురుల ఉండనియ్యి."

మళ్ళీ వచ్చి తీసుకుంటానంది. ఎప్పుడో చెప్పలేదు.

కింది వాటాలో ఉండే అనూష మాత్రం అక్క రాదని తేల్చేసింది. "మీరు గుంటూరు, మేం కర్నూలు. ఆ అక్కది తెలంగాణ. ఇన్ని గొడవల్లో మన ఇళ్ళకెందుకొస్తుంది?"

"కుండీ ఉందిగా. దానికోసమైనా వస్తుంది," అంది శ్రీలలిత.

ఇప్పుడు ఆ కుండీలో తీగల కొసన పుట్టిన గింజలు తెల్లగా కనిపించాయి. కొన్ని గులాబీ రంగుకు తిరిగాయి. అద్దంలో తన కళ్ళూ ఎర్రగానే ఉన్నాయి. గ్యాస్ దీనికీ తగిలిందనుకుంది శ్రీలలిత.

కుండీని సింకులో పెట్టి కుళాయి తిప్పింది. మర్నాడు చూస్తే తెలుపు పోలేదు. మళ్ళీ కడిగింది. గ్యాస్ తగలకుండా బీరువా పక్కన చీకట్లో పెట్టింది. రోజూ కడుగుతూనే ఉంది. అక్క రోజూ పోయమందా అని అమ్మ అడిగితే, గ్యాస్ వచ్చినప్పుడు సంగతి వేరని చెప్పింది.

కొన్నాళ్ళకు గింజలు మెత్తబడ్డాయి. ముట్టుకుంటే చితికి నీళ్ళు కారాయి. తీగ మొదలు నల్లబడింది.

ఆ సాయంత్రమే బెల్ మోగింది. గుమ్మంలో స్వరూప, చేతిలో జామకాయల సంచి. అమ్మ సంచి అందుకుని, ముందు అన్నం తిను, కబుర్లు తర్వాత అని కూర్చోబెట్టింది. శ్రీలలిత వెళ్ళి కుండీని బీరువా వెనక్కి నెట్టింది.

"నా ముత్యాల తీగ ఏదే?" అంది స్వరూప చేయి కడుక్కుంటూ.

గ్యాస్‌కు చచ్చిపోయిందని చెబితే సరిపోతుంది. ఎవరైనా నమ్ముతారు. ఆ మాట శ్రీలలిత నోటిదాకా వచ్చింది. కానీ వెళ్ళి కుండీ తెచ్చి అక్క ముందు పెట్టింది.

"గ్యాస్ తగిలి తెల్లబడిందనుకున్నా. మనం కళ్ళు కడుక్కుంటాం కదా, అలాగే రోజూ కడిగా. నేనే పాడు చేశాను అక్కా. ఇంక నువ్వు రావా?"

స్వరూప కుండీని చూసింది, పిల్లను చూసింది.

"నేను కుండీ కోసం వస్తున్ననా? మీ అమ్మ పప్పుచారు కోసం వస్తున్న," అంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "తెలుపు, గులాబీ దాని రంగులేనే. కొసన తెల్లగ గూడ పుడ్తది. అది నీకు చెప్పాల్సుండె, మర్చిపోయిన."

కొసల్లో గట్టిగా ఉన్న ముక్కలను కత్తెరతో కోసి పాత పేపర్ మీద పరిచింది. శ్రీలలిత మగ్గుతో నీళ్ళు తెచ్చింది.

"ఆగు. కోసిన చోటు ఎండాలె. ఇప్పుడు నీళ్ళు తాకితే ఇవి గూడ పోతయి."

రెండు రోజులకు అవి ఎండాక, మళ్ళీ తెరిచిన హాస్టల్ నుంచి స్వరూప వచ్చింది; ఇసుక కలిపిన పొడి మట్టిలో ఇద్దరూ కలిసి వాటిని పరిచారు. స్వరూప కుండీని కిటికీలోనే పెట్టింది.

"మళ్ళీ నా దగ్గరేనా?" అంది శ్రీలలిత.

"మరి ఇంకెవరి దగ్గర పెట్టాలె?"

శ్రీలలిత మిగిలిన జామకాయల్లో పెద్దది తీసి అక్క చేతిలో పెట్టింది.

ముక్కలు వేళ్ళూనుకున్నాయి. ఒక మధ్యాహ్నం క్యాంపస్ వైపు మళ్ళీ చప్పుడైంది. శ్రీలలిత పరుగెత్తి కిటికీ మూసింది. అలవాటుగా మగ్గు నింపి కుండీ దగ్గరకు వచ్చింది. ఒక గింజను రెండు వేళ్ళతో పట్టుకుంది. గట్టిగా ఉంది. కొసన కొత్త గింజ తెల్లగా ఉంది. మగ్గు వంచలేదు.

అంతలో తలుపు చప్పుడైంది. తీసి చూస్తే స్వరూప. దగ్గుతోంది, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

శ్రీలలిత చేతిలో మగ్గు నిండుగానే ఉంది.

"నలపకు అక్కా," అంటూ అక్క దోసిట్లో నీళ్ళు పోసింది.