ఇష్టదీపం

ఇష్టదీపం ఎర్రగా వెలిగేసరికి కాబోయే అత్తగారి మొహం మాడిపోయింది. కుర్చీలో కూర్చున్న పెళ్ళికూతురు మాత్రం పలక మీంచి అరచెయ్యి తీసి, కుచ్చిళ్ళు సర్దుకుని లేచింది. చామనఛాయ పిల్ల. ముహూర్తంనాటికి తెల్లబరచాలని వకుళ కొట్టుకు తీసుకొచ్చారు. నోటితో సరేనంది గానీ ఒళ్ళు ఒప్పుకోలేదు. ఒళ్ళు ఒప్పుకోకపోతే చర్మం మీది రంగు తీసే కాంతిసూది తెరుచుకోదు. ఇద్దరూ బయటికి నడిచారు.

ఈ చట్టం తెచ్చినవాళ్ళు చల్లగా ఉండాలి అనుకుంటూ వకుళ తలుపు దగ్గరగా వేసింది. బందరులో మచ్చలూ, పచ్చబొట్లూ తీసే పాత కొట్టు ఆమెది. చట్టానికి ముందు రోజులు ఆమెకు బాగా గుర్తు. సందుకో లేజరు ఉండేది. ఒక్క మచ్చ తీయించుకుందామని వచ్చినవాళ్ళకు మాయమాటలు చెప్పి మొహమంతా తోమేసేవారు. బుగ్గలు కాలిన ఆడపిల్లలు, ఇంట్లోవాళ్ళు బలవంతాన తెల్లబరిచిన కోడళ్ళు, కోర్టుల్లో కేసులు. చూసి చూసి ప్రభుత్వం ప్రతి కాంతిసూదికీ ఒక ఇష్టదీపం తగిలించింది. పలక మీద చెయ్యి పెడితే అది నాడినీ, ఊపిరినీ, చెమటనూ, నరాల్లోని వణుకునూ వింటుంది. మనిషికి నిజంగా ఇష్టముంటేనే ఆకుపచ్చగా వెలుగుతుంది.

కొట్టువాళ్ళ నోళ్ళకు కూడా తాళం పడింది. కుర్చీలో మనిషి కూర్చున్నాక నిర్వాహకురాలు ఏమీ అడగకూడదు, ఏమీ చెప్పకూడదు. దీపం ఆకుపచ్చగా వెలిగాక కాదనకూడదు. ఈ దీపం మీద జనానికి ఎంత గురి కుదిరిందంటే, అది బళ్ళలోకీ, పెళ్ళిచూపుల్లోకీ, ఆస్తి పంపకాల్లోకీ కూడా వచ్చేసింది. 'నీకిష్టమేనా' అని ఇళ్ళలో అడిగే అలవాటే పోయింది. దీపం ఉండగా నోరు నొప్పెట్టించుకోవడం ఎందుకని అందరూ మానేశారు.

మధ్యాహ్నం రోహిణి వచ్చింది. వెనకవీధి సీతారత్నం కూతురు, కవలల్లో చిన్నది. పెద్దది చిత్ర మెదడువాపుతో పోయి ఇంకా ఏడాది తిరగలేదు.

"దా తల్లీ. అమ్మ ఎలా ఉంది?"

"అలాగే ఉందత్తా" అంటూ రోహిణి తిన్నగా వెళ్ళి కుర్చీలో కూర్చుంది. గడ్డం ఎత్తి, పెదవి కింద ఎడంపక్కనున్న పచ్చబొట్టు చుక్క చూపించింది. "ఇది తీసెయ్యి."

వకుళ నోరు తెరవబోయి ఆగింది. పిల్ల కుర్చీలో కూర్చుంది, ఇక తనకు మాట్లాడే హక్కు లేదు.

ఆ చుక్క కథ వీధిలో అందరికీ తెలిసిందే. పిల్లలు పుట్టిన కొత్తలో సీతారత్నం ఒకదానికి పాలిచ్చి పడుకోబెట్టేది, కాసేపయ్యాక పొరబాటున మళ్ళీ దాన్నే ఎత్తుకునేది. రెండోది ఆకలితో ఏడ్చి ఏడ్చి ఒకనాడు సొమ్మసిల్లిపోయింది. గుండెలు బాదుకున్న తల్లి మర్నాడే పచ్చబొట్లు పొడిచేదాన్ని పిలిపించి చిన్నదానికి చుక్క పెట్టించింది. అప్పట్నుంచీ గడ్డం పట్టుకుని చూసుకున్నాక గానీ ఇద్దరిలో ఎవరినీ పేరుపెట్టి పిలిచేది కాదు.

"నువ్వు మాట్లాడకూడదుగా, నేనే చెప్తా విను" అంది రోహిణి. "అమ్మ పొద్దస్తమానం అరుగు మీదే కూర్చుంటోంది. మెతుకు ముట్టదు. నేను కాలేజీ నుంచి వస్తుంటే వీధి చివర చూసి లేచి నిలబడుతుంది. 'చిత్రా, వచ్చావా' అంటుంది. దగ్గరికెళ్ళాక గడ్డం పట్టుకుని చూస్తుంది. చుక్క కనపడగానే చెయ్యి తీసేసి 'నువ్వా' అంటుంది. తిట్టదత్తా. 'నువ్వా' అని లోపలికెళ్ళి పడుకుంటుంది. రోజూ ఇదే. ఈ చుక్కే కదా అడ్డం. చిత్ర వచ్చిందనుకోనీ, నాలుగు ముద్దలు తింటుంది."

మరి నువ్వేమైపోతావే పిచ్చిదానా, నీకిది ఇష్టమేనా అని వకుళకు అడగాలనిపించింది.

"రోహిణీ, ఒక్కసారి..."

"నిర్వాహకురాలు ప్రశ్నించరాదు" అంది యంత్రం మర్యాదగా. ఇంకో హెచ్చరిక వస్తే కొట్టు మూసుకోవాలి.

ఎర్రగా వెలుగు, ఎర్రగా వెలుగు అని ఆమె ఆ దీపానికి లోలోపల దండాలు పెట్టుకుంది. రోహిణి పలక మీద చెయ్యి వేసింది. దీపం తడుముకోలేదు, ఆకుపచ్చగా వెలిగింది. అంత నిండైన వెలుగు వకుళ ఇన్నేళ్ళలో చూడలేదు. పిల్ల చెయ్యి పట్టుకుని లాగేస్తే సరిపోయేది. ఆ మాట ఆమెకు తోచింది కూడా. కానీ లాగలేదు.

కాంతిసూది చిన్నగా చప్పుడు చేసింది. రోహిణి అద్దంలో చూసుకుని, అందులో ఉన్న మనిషికేసి నవ్వబోయి, రెండు చేతుల్లో మొహం దాచుకుంది.

తర్వాత వీధిలో మంచి కబుర్లే వినిపించాయి. సీతారత్నం తల దువ్వుకుంటోందనీ, అన్నం తింటోందనీ, పెద్దదనుకుని రోహిణిని పక్కన పెట్టుకుని పడుకుంటోందనీ చెప్పుకున్నారు. నేనే అనవసరంగా బెంగపడ్డాను కాబోలు అని వకుళ మనసుకు సర్దిచెప్పుకుంది.

కొన్నాళ్ళకు అటుగా వెళుతుంటే సీతారత్నం మళ్ళీ అరుగు మీద కనిపించింది. చిక్కి సగమైంది. వకుళ వెళ్ళి పక్కన కూలబడింది.

"ఏం వదినా, ఇక్కడ కూర్చున్నావు?"

"చిన్నదాని కోసం" అంది సీతారత్నం. "పెద్దది ఇంటిపట్టునే ఉంటోంది. రోహిణి ఎటు పోయిందో తెలీడం లేదు వదినా. దాన్ని నేనెప్పుడూ సరిగ్గా చూసుకోలేదు. చంటప్పుడు పాలకి కూడా మాడ్చేశాను. ఈసారి వస్తే ఒళ్ళో కూర్చోబెట్టుకుని తినిపిస్తా. అది వచ్చేదాకా నాకు ముద్ద దిగదు."

అప్పుడే వీధి చివర రోహిణి కనిపించింది. సీతారత్నం గోడ పట్టుకుని లేచింది. మొహం చాటంత అయింది.

"అదిగో, నా రోహిణి. వచ్చావా తల్లీ."

పిల్ల దగ్గరికొచ్చి నిలబడింది. తల్లి గడ్డం పట్టుకుని ఎడంపక్క చూసింది, కుడిపక్క చూసింది, బొటనవేలితో పెదవి కింద రుద్ది మరీ చూసింది. మెల్లగా చెయ్యి తీసేసింది.

"నువ్వా చిత్రా" అంది. "చెల్లెలు కనపడిందా?"

"వస్తుందమ్మా. నువ్వు పద, అన్నం తిందువు గాని."

"అది రానీ, తింటా."

వకుళ రోహిణిని పక్కకు లాగింది. "చుక్క మళ్ళీ పొడిపిద్దాం రావే. నేను తీసుకెళ్తా."

"అప్పుడు చిత్ర కోసం కూర్చుంటుందత్తా."

వకుళకు ఏడుపు ఆగలేదు. ఆ రోజు గొంతులోనే ఉండిపోయిన ప్రశ్న ఇప్పుడు అడిగింది. "నీకిష్టమేనా తల్లీ, ఇలా ఉండటం?"

ఎవరూ అడగని మాట అడిగినట్టు రోహిణి ఆమెకేసి చూసింది.

"ఇన్నేళ్ళకి అమ్మ నాకోసం ఎదురుచూస్తోందత్తా" అంది.

తర్వాత వెళ్ళి అరుగు మీద తల్లి పక్కన కూర్చుంది. రోహిణి వస్తుందేమోనని ఇద్దరూ వీధి చివరికేసి చూస్తూ ఉండిపోయారు.