గోడకు ఆనుకున్న పిల్ల

నవత మళ్ళీ గోడకు తల కొట్టుకుంటోంది. భాగీరథి వంటింట్లోంచి పరుగున వచ్చి, గోడకూ బిడ్డ తలకూ మధ్య తన అరచెయ్యి పెట్టింది. ఈడొచ్చిన పిల్ల బలం ముందు ఆ చెయ్యి ఏపాటిది! వేళ్ళు నలిగిపోతున్నా తీయలేదు...

సూరత్ శివారు భేస్తాన్‌లో ఈ ఇల్లు అద్దెకు తీసుకున్నదే నవత కోసం. ఆ పిల్ల పుట్టి పెరిగింది ఉధ్నాలో, సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిచే కార్ఖానా మీది గదిలో. ఇది ఆటిజమనీ, జబ్బు కాదు, పిల్ల తీరే వేరనీ, కొన్ని చప్పుళ్ళు భరించలేదనీ డాక్టరు చెప్పాడు. ఏ చప్పుళ్ళో తండ్రి రాజనర్సు అడగలేదు. పెద్దవాళ్ళను అడగడం మనబోటి వాళ్ళకెక్కడ చేతనవును! రాత్రింబగళ్ళు దడదడలాడే మగ్గాల మీద బిడ్డను పెంచామే అని కుమిలిపోయి, చడీచప్పుడూ లేని ఈ ఇంటికి తెచ్చాడు. తెచ్చిన నాటి నుంచే ఈ నరకం.

భాగీరథికి మాత్రం ఈ ఇల్లు అమృతం. పెళ్ళై సూరత్ వచ్చాక పిచ్చుక అరుపు చెవిన పడింది ఇక్కడే...

"ఇంటాయన మళ్ళచ్చిండు. ఖాళీ చెయ్యమంటున్నడు," అంది అత్త లింగవ్వ. "పిల్లను నేను ఊరికి తోల్కపోత. నా పాణం ఉన్నన్నొద్దులు సూసుకుంట."

"నన్నిడిసి అది ఉంటదా అత్తమ్మా?"

"నీ కాడ మంచిగున్నదా మరి?"

భాగీరథి బిడ్డ బట్టలు సంచిలో సర్దింది. రాజనర్సు తల వంచుకునే టికెట్లు తెచ్చాడు.

బండి ఉధ్నాలో ఎక్కాలి. స్టేషన్ ముందు ఆటో దిగగానే నవత తల్లి చెయ్యి విదిలించుకుని పరుగు తీసింది. వీళ్ళు సంచులతో రొప్పుతూ పాత కార్ఖానా దాకా పోయేసరికి, ఆ పిల్ల బయటి గోడకు వీపు ఆనించి, కళ్ళు మూసుకుని కూర్చుంది. మొహంలో ఎంత నెమ్మది! ఎన్నాళ్ళకు చూసింది తల్లి ఆ మొహాన్ని!

భాగీరథి గోడ మీద చెయ్యి వేసింది. లోపల సాంచాలు నడుస్తుంటే గోడంతా సన్నగా అదురుతోంది. కడుపులో ఉన్ననాటి నుంచీ ఆ పిల్లను జోకొట్టింది ఈ అదురే! అది లాగేసుకుని, మంచి చేశామనుకున్నారు. లోకంలో ఎవడికైనా తన చెవే కొలత.

"బండి టైమైతంది," గట్టిగా అరిచాడు రాజనర్సు.

"అది ఊరికి పోదు. ఈడ్నే కిరాయికి అర్ర సూడు నవత నాయినా."

"మళ్ళ గీ మోతలకా? ఇప్పటికే నీకు సగం ఇనపడది. ఉన్న చెవులు గూడ పోతయే."

"పోనియ్యి."

ఆ ఒక్క మాటలో ఎన్ని పిచ్చుకలు ఎగిరిపోయాయో అతనికి తెలియదు. రేపు ఈ గోడా లేకపోతే ఏం చేయాలో ఆమెకూ తెలియదు...

లింగవ్వ సంచి దించి, మోకాళ్ళు పట్టుకుని మనవరాలి పక్కన చతికిలబడింది. "జర జరుగు బిడ్డా, నాకూ జాగ ఇయ్యి."

ఎవరు తాకినా ముడుచుకునే నవత, కళ్ళు తెరవకుండానే కొంచెం పక్కకు జరిగింది. భాగీరథి రెండో పక్కన కూర్చుంది.

స్టేషన్లో బండి కూత వేసే ఉంటుంది. ఆ మోతలో ఎవరికీ వినపడలేదు.