మూడో తాళంచెవి

కారు రైలు పట్టాల మధ్య చచ్చింది. టైం సాయంత్రం 5:42.

గేట్‌మన్, దారినపోయే ఇద్దరూ కలిసి దాన్ని అవతలికి తోశారు. రైలు 5:46కి వెళ్ళిపోయింది.

కారు యజమాని పళ్ళ డాక్టరు. రాత్రికల్లా రెండు పేజీల ఫిర్యాదు రాసిచ్చాడు. అందులో ‘కుట్ర’ అనే మాట ఏడుసార్లు వచ్చింది. ఇన్‌స్పెక్టర్ లెక్కపెట్టాడు.

తండ్రి నాటి పాత కారు. నెల క్రితం కార్ల మేస్త్రీ చేత కొత్త హంగులు పెట్టించాడు. అప్పట్నుంచి బయల్దేరిన ఇరవై నిమిషాలకల్లా ఆగిపోతోంది. మేస్త్రీ కావాలనే ఇంజన్ పాడుచేశాడని డాక్టరు వాదన. కేసు నిలిస్తే మేస్త్రీకి జైలు. నిలవకపోయినా, ఆ మచ్చతో ఇంకెవరూ అతని చేతికి బండి ఇవ్వరు.

మర్నాడు ఉదయం 8:40కి ఇన్‌స్పెక్టర్ అందర్నీ డాక్టరు షెడ్డులో నిలబెట్టాడు. డాక్టరు, భార్య, బావమరిది, మేస్త్రీ.

“ఏమేం మార్చారు?”

“కార్బురేటర్. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్. కరెంటు ఫ్యూయల్ పంపు. సైలెన్సర్. నాలుగే,” అన్నాడు డాక్టరు.

“ఎవరి సలహా?”

డాక్టరు బావమరిదిని చూశాడు. బావమరిది ఇంజన్‌ని చూశాడు.

“వీడియోల్లో అందరూ పెట్టిస్తున్నారు బావా అన్నాను. పెట్టించింది నేనా?”

“మేస్త్రీ, బిగించాక మీరు నడిపి చూశారా?”

“గంటంబావు నడిపాను సార్. దగ్గలేదు, తుమ్మలేదు. అప్పజెప్పాక మళ్ళీ నన్ను ముట్టుకోనివ్వలేదు.”

“ముట్టుకోనిస్తే సాక్ష్యం తుడిచేస్తావుగా!” అన్నాడు డాక్టరు.

ఇలాంటివాళ్ళని ఇన్‌స్పెక్టర్ చాలామందిని చూశాడు. వీళ్ళకి కారణం అక్కర్లేదు. మనిషి కావాలి. తమకంటే కింద నిలబడ్డ మనిషి.

“ఆగిపోయినప్పుడు మీరేం చేస్తారు?”

“దిగి పెట్రోలుందో లేదో చూస్తాను. ఉంటుంది! మళ్ళీ స్టార్ట్ చేస్తే నడుస్తుంది. నన్ను పిచ్చివాణ్ణి చేయడానికే కదా ఇదంతా?”

“నిన్న పట్టాల మీద?”

“నిన్న రైలు వెళ్ళాకే పెట్రోలు చూశాను. అంతకుముందు... కంగారులో దిగి పరిగెత్తాను.”

“నన్ను లోపలే వదిలేసి,” అంది భార్య.

ఇన్‌స్పెక్టర్ తాళాల గుత్తి అడిగాడు. ఒకటి డోరుది. ఒకటి ఇగ్నిషన్‌ది. మూడోది చిన్నది, కొత్తది, మెరుస్తోంది. దాన్ని విడదీసి జేబులో వేసుకున్నాడు.

“పదండి. ఎక్కండి.”

9:05కి బయల్దేరారు. ఐదుగురూ ఇరుక్కుని కూర్చున్నారు. 9:27కి ఇంజన్ రెండుసార్లు గుక్కపట్టి ఆగిపోయింది.

“వేడెక్కింది. పావుగంట చల్లారితే అదే అంటుకుంటుంది,” అన్నాడు బావమరిది.

పావుగంట ఆగారు. అంటుకోలేదు. మరో పావుగంట. సెల్ఫ్ మూలిగింది, అంతే.

డాక్టరు చెయ్యి చాపాడు. “ఆ తాళంచెవి ఇలా ఇవ్వండి. పెట్రోలు చూడాలి.”

“పెట్రోలు చూడ్డానికి తాళంచెవి ఎందుకు డాక్టర్ గారూ?”

భార్యే చెప్పింది.

“టాంకు మూతకి తాళం వేశారండీ. కారు ఇంటికొచ్చిన సాయంత్రమే కొత్త మూత కొనుక్కొచ్చారు. మేస్త్రీ పెట్రోలు లాగేస్తాడని.”

“మార్చినవి నాలుగే అన్నారు?”

“మూత ఇంజన్ కాదు కదా!”

ఇన్‌స్పెక్టర్ తాళంచెవి మేస్త్రీకిచ్చాడు. మేస్త్రీ తాళం తిప్పాడు. మూత లేవగానే ‘ఉస్స్’మంటూ గాలి లోపలికి దూసుకుపోయింది. మునిగి తేలిన మనిషి పీల్చుకునే మొదటి ఊపిరిలా ఉంది ఆ చప్పుడు.

“ఇప్పుడు స్టార్ట్ చేయండి.”

మొదటి తిప్పుకే అంటుకుంది. టైం 9:59.

“పాత మూతకి సూదిమొనంత కన్నం ఉంటుంది సార్,” అన్నాడు మేస్త్రీ మెల్లగా. “పెట్రోలు తగ్గేకొద్దీ అందులోంచి గాలి వెళ్ళాలి. దీనికి సందే లేదు. టాంకులో గాలి చాలక, పంపు పెట్రోలు లాగలేకపోయింది.”

“వింటున్నారా డాక్టర్ గారూ?” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “అనుమానంతో మూత బిగించారు, కారు చచ్చింది. అదే అనుమానంతో మూత తీశారు, బతికింది. నెల రోజులు ఇదే పని. నిన్న పట్టాల మీద మాత్రం అనుమానపడే తీరిక దొరకలేదు. ప్రాణం కాపాడుకోవాల్సి వచ్చింది. మీ ఒక్కరిదే.”

“కన్నం ఉండాలని వీడు ముందే చెప్పాలి కదా?”

“పాత మూత ఏది సార్?” అని అడిగాడు మేస్త్రీ.

“చిల్లు పడిందని పారేశాను.”

బావమరిది నవ్వు దగ్గులోకి మార్చుకున్నాడు.

బానెట్ మీదే కాగితం పెట్టించాడు ఇన్‌స్పెక్టర్. ‘పొరపాటు జరిగింది’ అని రాశాడు డాక్టరు.

“జరగలేదు. మీరు చేశారు. మూత సంగతి కూడా రాయండి. ఒక కాపీ మేస్త్రీకి.”

రాశాడు. సంతకం వంకరపోయింది. మేస్త్రీ తన కాపీ మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. డాక్టరు గొంతు తగ్గించాడు.

“ఈ తాళం మూతకే చిల్లు పెట్టలేవా?”

“పెట్టొచ్చు సార్. ఇంకెవరిచేతైనా పెట్టించుకోండి.”

మూతా తాళంచెవీ బానెట్ మీద పెట్టి మేస్త్రీ నడిచిపోయాడు.

“నేనూ నడిచే వస్తాను,” అంది భార్య. డోరు గట్టిగా వేసింది.

మేస్త్రీ మలుపు తిరిగేదాకా డాక్టరు ఆగాడు. తర్వాత వెనక్కి వెళ్ళి, వంగి, టాంకులోకి తొంగి చూశాడు.