జీడి సొన తిన్న వేలు

"మత్తిస్తే నరం మొద్దుబారుద్ది. అలాగే కొయ్యండి," అన్నాడు చీఫ్ సీతారామాంజనేయులు.

తెనాలిలో ఒక క్లినిక్ మేడగది. 2007 జనవరి. ఏజెంట్ రూతు కుడి ఉంగరపువేలి కొనను డాక్టరు చీల్చి, బియ్యపు గింజంత అయస్కాంతం లోపల దూర్చి కుట్లేశాడు. రూతు అరవలేదు. అరిస్తే చీఫ్ సంతోషిస్తాడని ఆమెకు తెలుసు.

"కరెంటు పారే చోట ఆ వేలు జుమ్మంటుంది. అదే నీ డిటెక్టర్." చీఫ్ బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. "విదేశీ ముఠా ఒకటి వేటపాలెంలో జీడిపప్పు యూనిట్‌ని అడ్డం పెట్టుకుని బాంబు తయారుచేస్తోంది. నువ్వు గింజలు కొట్టే కూలీగా చేరు. అక్కడ మేనేజర్ మాధురి మన మనిషే. 'రేపల్లె బండి ఎన్నింటికి?' అంటుంది. 'వస్తే చెబుతానండి' అను."

"ఆవిడక్కూడా ఇంప్లాంటేనాండి?"

"కాదు, ఉంగరంలో పెట్టుకుంది. పైనున్నది ఎవడైనా లాక్కుంటాడు. లోపలున్నదే నమ్మకం."

ఆఫీసు వాళ్లకు జీడిపప్పు నమలడమే తెలుసు గానీ, గింజ కొట్టే చేతుల గతి ఏం తెలుసు? మూడు నెలల్లో జీడి సొన రూతు వేళ్లను కాల్చి, తోలు ఊడదీసింది. "బూడిద రాసుకోవే అమ్మాయ్," అని తోటి కూలీలు జాలిపడ్డారు. చివరికి వేలికొనలు చెప్పు అట్టల్లా మొద్దుబారి, స్పర్శే తెలియకుండా పోయింది. ఆ మాట చెబితే మిషన్ నుంచి తప్పిస్తారని ఆమె నోరు కుట్టేసుకుంది.

ఏప్రిల్. బాపట్లలో కొత్త రాడార్ ప్రారంభోత్సవం. హాలు నిండా మూడొందల మంది. అతిథులకు పంచడానికి తమ యూనిట్ నుంచి తెచ్చిన నలభై జీడిపప్పు పెట్టెలను రూతు వెనకగదిలో సర్దుతుండగా, బయట గడియ పడింది. కిటికీలో పట్టుచీర, లిప్‌స్టిక్, నవ్వు. మాధురి!

"వీటిల్లో ఒకదాంట్లో బాంబుందే పిల్లా. ఇంకా మూడు నిమిషాలు. నీ వేలు చెప్పుద్దేమో అడుగు." ఉంగరం తళుక్కుమనిపించింది. "నాకిదే హాయి. కావాలంటే పెట్టుకుంటా, వద్దంటే తీసేస్తా. ఉద్యోగమూ అంతే."

ఆమె కారు రేపల్లె రోడ్డెక్కింది.

రూతు కేకలు హాల్లో మైకు హోరులో కలిసిపోయాయి. పెట్టెల మీద వేలు పరిగెత్తించింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. నలభై పెట్టెలూ విప్పే టైము లేదు. మూడొందల ప్రాణాలు ఒక చచ్చిన తోలు కింద ఇరుక్కుపోయాయి. ఆమెకు ఏడుపొచ్చింది.

ఏడుస్తూనే బొడ్లోంచి చాకు తీసి వేలికొన చీల్చింది. పైతోలుకి తెలియలేదు గానీ, ఎముక తగిలేసరికి ప్రాణం పోయినంత పనైంది. నెత్తురోడే అయస్కాంతాన్ని నాలుక కొన మీద పెట్టుకుని, ఒక్కొక్క పెట్టెనే మూతితో తడుముతూ పోయింది. ఇరవై మూడో పెట్టె దగ్గర నాలుక జుమ్మంది.

అట్ట చించింది. వైరు కోసింది. టైమరు రెండు సెకన్ల దగ్గర ఆగింది.

సాయంత్రం రేపల్లెలో మాధురి దొరికింది. ఉంగరం ఊడిరాకపోతే చీఫ్ వేలు విరిచి మరీ తీయించాడు. తర్వాత ఆసుపత్రిలో రూతు మంచం దగ్గరకొచ్చి రిపోర్టు చాపాడు. అందులో 'ఇంప్లాంట్ పద్ధతి సంపూర్ణ విజయం' అని ఉంది.

"సంతకం పెట్టు."

"కుడిచెయ్యి కట్టులో ఉందండి."

"అయితే ఎడమచేతి వేలిముద్ర వెయ్యి."

వేసింది. కాగితం మీద నల్లటి మరక పడింది. ఒక్క గీత లేదు. ఐదు వేళ్లూ వేయించి చూశాడు. ఐదూ అంతే.

"అబ్బ, గూఢచారికి ఇంతకంటే మంచి వేళ్లు ఎక్కడ దొరుకుతాయమ్మా!" అని మురిసిపోయాడు సీతారామాంజనేయులు.