ఉప్పు అంటని బ్యాటరీ

"మా వసీం నిదానంగా నడిపేవోడమ్మా. స్పీడు మీద తిప్పేసినాడని పోలీసోళ్ళు రాసేసినారు. లైసెన్సు పోద్ది, జైలు కూడానంట," అంది ఆమినాబీ, డిటెక్టివ్ గౌరీశ్వరి ఎదుట కుర్చీ అంచున కూర్చుని.

హార్బర్ మలుపులో ఆమె కొడుకు ఎలక్ట్రిక్ ఆటో బోల్తా కొట్టింది. అందులో ఉన్న చేపలమ్మే వరహాలమ్మకు తుంటి ఎముక విరిగింది. కుర్రాడి దూకుడేనని అసిస్టెంటు జయంత్ మనసులో తేల్చేసుకున్నాడు. గౌరీశ్వరి మాత్రం హ్యాండ్‌బ్యాగు భుజానికి తగిలించుకుంది.

ఆస్పత్రి మంచం మీంచి వరహాలమ్మ కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది. "ఆడు నెమ్మదిగానే తిప్పినాడమ్మా. నా ఈపు ఎనకాల బరువేదో లాగేసినట్టయింది."

"చేపల బుట్టలా?"

"అవి కాళ్ళకాడే ఎట్టుకున్నాను."

పడిన ఆటోను మలుపు పక్కనే ఉన్న తన షెడ్డుకు చేర్చినవాడు మెకానిక్ గురునాథరావు. అక్కడ గౌరీశ్వరి సీటు ఎత్తింది. బుట్టల నీళ్ళు కారి బ్యాటరీ పెట్టె నిండా ఉప్పు కట్టింది. లోపలి బ్యాటరీ మాత్రం కడిగిన ముత్యంలా ఉంది. సీటు వెనక, తల ఎత్తున, ఒక ఇనప అర. దాని బోల్టు రంధ్రాలు ఖాళీగా మెరుస్తున్నాయి. అవన్నీ జయంత్ కూడా చూశాడు. చూసి ఊరుకున్నాడు, అంతే తేడా.

మర్నాడు ఆమె అందరినీ అదే షెడ్డుకు పిలిపించింది. కేసు చూస్తున్న ఎస్సై ఉమామహేష్ వచ్చాడు. చేతికి కట్టుతో వసీం తల్లి పక్కన కూర్చున్నాడు.

"ఇది తేలిక బండి. సీటు కింది బ్యాటరీ బరువే దీన్ని నేలకు పట్టి ఉంచుతుంది. ఆ బరువు సీటు వెనక అరలోకి ఎక్కితే నెమ్మదిగా తిప్పినా ఒరుగుతుంది. వరహాలమ్మ వెనక లాగింది అదే. పెట్టెకు పట్టిన ఉప్పు బ్యాటరీకి అంటలేదంటే, అది ప్రమాదం తర్వాతే కిందికి దిగింది. అప్పట్నుంచీ బండి మీ దగ్గరే ఉంది గదా, గురునాథరావుగారూ?"

"పైనే ఉండేది మేడం," అన్నాడు వసీం తెల్లబోయి. "హార్బర్ బళ్ళన్నిటికీ అంతే. పోలీసోళ్ళు స్పీడే అడిగినారు. ఇది సెప్పాలని నాకు తోచనేదు."

గురునాథరావు తల దించుకున్నాడు. "ఉప్పునీళ్ళకి బ్యాటరీలు పాడైపోతన్నాయని కుర్రోళ్ళే మొత్తుకున్నారమ్మా. మంచికే ఎక్కించినాను. బండి పడ్డాక బయమేసి దింపేసినాను."

"నా కొడుకుని జైల్లో ఎట్టడానికి బయమెయ్యనేదా బాబూ?" అంది ఆమినాబీ.

వసీం మీద కేసు నిలవదని ఎస్సై చెప్పాడు. గౌరీశ్వరి ఇంకా లేవలేదు. "ఇప్పుడు రోడ్డు మీద ఇలాంటివెన్ని?"

"ఈ లైన్లో తిరిగేవన్నీ," అన్నాడు గురునాథరావు.

ఎస్సై ఫోను తీసేలోపే వసీం బయటికి నడిచాడు. బుట్టలతో, మనుషులతో మలుపుకేసి వస్తున్న ఆటోకి ఎదురెళ్ళి, కట్టున్న చెయ్యే అడ్డం పెట్టాడు.

"ఆపెయ్ బావా. తిప్పొద్దు."